అచ్చుకి ముందు: ఆత్మకథలో ‘మేం’ ఎవరిచ్చింది?

దళిత ఆత్మకథల మీద విమర్శ ఇప్పటిదాకా పుస్తకం అచ్చయిన రోజు నించే మొదలవుతూ వచ్చింది. పుస్తకం ఏం చెప్పింది, ఎట్లా చెప్పింది, ఏ భాషలో చెప్పింది, అది ఒక మనిషి కథా, సమూహ కథా, సామాజిక చరిత్రా అన్నవే మన చర్చలు. అవసరమైన చర్చలే. కానీ రాతప్రతి ప్రచురణకర్త చేతికిచ్చిన రోజుకీ, అచ్చు పుస్తకం చేతికొచ్చే రోజుకీ మధ్య కొన్ని నెలలుంటాయి. ఆ నెలల్లో ఎవరు చదివారు, ఎవరు వద్దన్నారు, ఎవరి పేరు మారింది, ఏ పేజీ పోయింది, ఏ మాటని ‘దిద్దారు’ అన్నవి విమర్శ కంటికి ఆనవు. రచయిత చెప్పడు. ప్రచురణకర్త అసలే చెప్పడు. దళిత ఆత్మకథ రాజకీయాలు సగం తేలిపోయేది అక్కడేనని మా అభిప్రాయం.

ఇది బయట నిలబడి అంటున్న మాట కాదు. మా మొదటి పుస్తకం, పల్లెలో పుట్టి పెరిగిన కథ, ఈ వ్యాసం రాసేనాటికి ప్రూఫుల్లో ఉంది. పుస్తకంలో అంతా ‘నేను’ అని రాసుకుని ఇక్కడ ‘మేం’ అంటున్నారేమని మిత్రులు అడగొచ్చు. ఆ మాట గురించే ఈ వ్యాసం.

దళిత ఆత్మకథలో ‘నేను’ అంటే నిజానికి ‘మేం’ అని మన విమర్శకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ మాటకి ఒక చారిత్రక అవసరం ఉంది. అగ్రవర్ణ ఆత్మకథలన్నీ ఒక మనిషి ఎదిగిన కథలుగా, ఆ ఎదగడం అతని ప్రతిభవల్లే జరిగినట్టుగా నడుస్తున్నప్పుడు, మా కథలో మా వాడ మొత్తం ఉంది అని చెప్పడం ఒక ధిక్కారం. అందులో మాకు పేచీ లేదు. అయితే ఆ ‘మేం’ అనే హక్కు రచయితకి ఎవరిచ్చారు? వాడ ఇచ్చిందా, రచయితే తీసుకున్నాడా? మన భాషలో ‘మనం’ వేరు, ‘మేం’ వేరు. ‘మేం పస్తులున్నాం’ అని రాసినప్పుడు చదివేవాణ్ణి బయట నిలబెట్టి, అమ్మనీ అక్కనీ చిన్నాన్ననీ లోపల కలుపుకుంటున్నాం. చదివేవాడికి నమస్కారం పెట్టి మరీ పుస్తకం ఇస్తాం. లోపల కలుపుకున్నవాళ్లని మాత్రం ఒక్కమాట అడగం.

కవిత్వంలో ఈ ఇబ్బంది ఇంతగా రాలేదు. 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ తరవాత వచ్చిన కవిత్వం, 1995 నాటి ‘చిక్కనవుతున్న పాట’ సంకలనందాకా, బహిరంగ దుఃఖం నించి, ఊరేగింపుల నించి, శిబిరాల నించి వచ్చింది. అక్కడ ‘మేం’ అనడానికి ఉద్యమమే అనుమతి. ఆత్మకథ అట్లా కాదు. అది పొయ్యి దగ్గరికీ, పడక దగ్గరికీ, అప్పుల చిట్టా దగ్గరికీ పోతుంది. ఉద్యమం ఇచ్చిన అనుమతి ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. తెలుగులో కవిత్వం వచ్చినంత ఉధృతంగా ఆత్మకథ రాకపోవడానికి ఇదొక్కటే కారణమని అనం గానీ, ఇదీ ఒకటి.

మరాఠీ వాళ్లు ఈ దారిలో మనకన్నా ముందు నడిచారు. 1978లో దయా పవార్ ‘బలుత’ వచ్చింది. మహార్లు ఊరికి చేసే చాకిరీకి పంటలో దక్కే వంతు పేరే బలుత. ఆ పుస్తకంలో కథ చెప్పేది దగడూ మారుతీ పవార్, వినేది దయా పవార్. ఇద్దరూ ఒక్కడే. ఒకటి పుట్టినప్పటి పేరు, ఇంకోటి కవిగా పెట్టుకున్న పేరు. చాలామంది దాన్ని కథన శిల్పం అని మెచ్చుకున్నారు. మొదటి పుస్తకం అచ్చుకి వెళ్తున్న మనిషికి అది శిల్పంలాగా కనిపించదు. ఆఫీసులో ఒక పేరుతో, వాడలో ఒక పేరుతో బతికే మనిషి, రెండు చోట్లా ఒకే పుస్తకం అందబోతోందని తెలిసి, ముందుగా తనలో తాను పెట్టుకున్న పంచాయితీ అది. పాత మురికంతా మళ్లీ ఎందుకు తోడతావని ఆయన్ని అడిగినవాళ్లు సొంత సమాజంలోనే ఉన్నారు.

ఓంప్రకాష్ వాల్మీకి ‘జూఠన్’ (1997) ఒక వ్యాసంగా మొదలైంది. రాజకిషోర్ సంపాదకత్వంలో వచ్చిన ‘హరిజన్ సే దళిత్’ అనే సంకలనానికి రాసిన వ్యాసం అది. దానికి వచ్చిన ఉత్తరాలు చూశాక పుస్తకం రాయడానికి ధైర్యం వచ్చింది. పేరు సూచించింది రాజేంద్ర యాదవ్. ఇవన్నీ వాల్మీకి తనే ముందుమాటలో చెప్పుకున్నాడు. అదే ముందుమాటలో ఇంకో సంగతి కూడా ఉంది: ఇట్లా బట్టలిప్పి చూపిస్తే ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది అని హెచ్చరించిన మిత్రుల సంగతి. గమనించాల్సిందేమిటంటే, ఆ హెచ్చరించినవాళ్లు శత్రువులు కారు. చదువుకుని, ఉద్యోగాల్లోకి వచ్చి, పట్నంలో ఇల్లు అద్దెకి దొరకడం కోసం ఇంటిపేరు దాచుకునే మనవాళ్లే. వాళ్ల భయాన్ని ‘మధ్యతరగతి దళితుల పిరికితనం’ అని కొట్టిపారెయ్యడం తేలిక. మేమూ ఒకప్పుడు అట్లాగే కొట్టిపారేశాం.

ఇక బేబీ కాంబ్లే. సతారా జిల్లా ఫల్టణ్‌లో భర్తతో కలిసి చిన్న కొట్టు నడుపుతూ, సరుకులు కట్టడానికి తెచ్చిన పాత కాగితాలు చదువుతూ, ఎవరికీ తెలీకుండా రాసుకుంది. రాసిన కాగితాలు ఎవరి చెయ్యీ పడని మూలల్లో దాచింది. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఏళ్లు. పరిశోధన కోసం ఆ ఊళ్లో ఉన్న మాక్సిన్ బెర్న్‌ట్సెన్ అడిగితే అప్పుడు బయటపెట్టింది. 1982లో ‘స్త్రీ’ పత్రికలో ధారావాహికగా, 1986లో ‘జిణ ఆముచ’ అనే పుస్తకంగా వచ్చింది. అచ్చుకి ముందు మా పుస్తకం నాలుగు నెలలు ఆగితే మాకు నిద్ర పట్టడంలేదు. ఆమెకి అచ్చుకి ముందు కాలం ఇరవై ఏళ్లు!

ఆ పుస్తకంలో మహార్ వాడ ఉంది, అత్తల కింద నలిగిన కోడళ్లున్నారు, అంబేడ్కర్ మాట విని మారిన జనం ఉన్నారు. తన భర్త తనని కొట్టడం గురించి మాత్రం దాదాపు లేదు. అది 2008లో ఇంగ్లీషు అనువాదంతోపాటు అచ్చయిన ఇంటర్వ్యూలో, అనువాదకురాలు మాయా పండిట్ అడిగితే చెప్పింది. ఎందుకు రాయలేదంటే, తను రాసింది తన కథ కాదు, తన సమాజం కథ అంది. విమర్శకులు ఈ జవాబుని ‘మేం’కి గొప్ప ఉదాహరణగా చూపిస్తారు. మాకు మాత్రం అందులో ఇంకోటి వినిపిస్తుంది. ఆ ‘మేం’లో భర్త కూడా ఉన్నాడు. అతను ఉన్నంతకాలం ఆ దెబ్బలకి అందులో చోటు లేదు. అంటే ‘మేం’ ఒక్కోసారి మూత కూడా అవుతుంది.

కౌసల్యా బైసంత్రీ ‘దోహ్‌రా అభిశాప్’ (1999) ఆ మూత తీసింది. కొడుకు, భర్త, తమ్ముడు కోప్పడొచ్చని తెలిసే రాస్తున్నానని ముందుమాటలోనే చెప్పింది. అప్పటికి ఆమె వయసు డెబ్భై దాటింది. ఆ కోపాలకి భయపడాల్సిన అవసరం తీరిపోవడానికి అంత వయసు పట్టిందన్నమాట.

బామ అనుభవం వేరు. ‘కరుక్కు’ 1992లో వచ్చింది. తాటిమట్టకి రెండు పక్కలా ఉండే రంపపు అంచు పేరు అది. మన ‘కరుకు’కి దగ్గరి మాటే. ఆ పుస్తకంలో ఆమె తన పేరు చెప్పుకోదు, ఊరి పేరు చెప్పదు. బామ అన్నదీ కలం పేరే. అయినా ఊరివాళ్లు గుర్తుపట్టారు, మమ్మల్ని అల్లరి పెట్టావన్నారు. కొన్ని నెలలపాటు సొంత ఊళ్లో అడుగుపెట్టలేకపోయింది. ఆ తరవాత ఊరు ఆమెని దగ్గరికి తీసుకుంది, పుస్తకాన్ని తనదనుకుంది. మన సభల్లో ఈ సంగతి చెప్పేటప్పుడు చివరి ముక్క ఒక్కటే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. మధ్యలో ఆ నెలలున్నాయి. ఊరివాళ్ల కోపం ఒట్టి తెలియనితనమా? అందులో విమర్శ ఏమీ లేదా?

మా అనుభవం చెప్పాల్సింది ఇక్కడే.

మా పుస్తకం మూడో అధ్యాయంలో ఒక పేజీ ఉంది. రాతప్రతి చదివిన మిత్రులందరూ మెచ్చుకున్నది ఆ పేజీనే. సంక్రాంతికి ముందు, మాకు పదేళ్లప్పుడు, అమ్మ ఖాళీ గోతం చంకన పెట్టుకుని కామందు ఇంటికి పోతుంటే కొంగు పట్టుకుని మేమూ వెంటపోయాం. దొడ్డివాకిలి దగ్గర పొద్దెక్కేదాకా నిలబడింది. లోపలి నించి ఎవరో వచ్చి, విసుక్కుంటూ, గోతంలో సగానికి ఒడ్లు పోశారు. ‘అమ్మ గింజలు అడుక్కుంది’ అని రాశాం. ఆ వాక్యం చుట్టూ పేజీ అంతా అల్లుకున్నాం: ఆకలి, అవమానం, ఆ రోజునించి మాకు పండగంటే పుట్టిన కోపం.

అమ్మకి చదువు రాదు. రాతప్రతి ఇచ్చేశాక ఒకరోజు, డీటీపీ కాగితాలు పట్టుకుని ఊరు వెళ్లి, చదివి వినిపిస్తాం అన్నాం. నిజం చెప్పాలంటే అనుమతి కోసం వెళ్లలేదు. మెప్పుకోసం వెళ్లాం. రెండు అధ్యాయాలు ఊఁ కొడుతూ వింది. మూడోదాంట్లో ఆ వాక్యం దగ్గర ఆపింది.

‘అడుక్కోడవేందిరా? అయ్యి మీ నాయన జీతం గింజలు. ఏడాదికి పన్నెండు బస్తాలని మాట. కళ్లంలో పది కొలిచి, తతిమ్మా రెండు తరవాత అన్నారు. ఆ రెండు బస్తాల కోసం పదారుసార్లు తిరిగా. నువ్వొచ్చింది ఒక్కసారి.’

ఆ తరవాత చాలాసేపు మేం చదవలేకపోయాం. నలభై ఏళ్లుగా మోస్తున్న ‘జ్ఞాపకం’ అది. దాని మీద కవితలు రాశాం, సభల్లో చెప్పాం. మేం చూసింది అబద్ధం కాదు: గోతం నిజం, దొడ్డివాకిలి నిజం, విసుగు నిజం. కానీ దానికి మేం పెట్టిన పేరు కామందు పెట్టిన పేరు. బాకీ ఎగ్గొట్టినవాడి దృష్టిలోనే అది బిచ్చం. బాకీ రావాల్సిన మనిషి దృష్టిలో అది వసూలు. పదేళ్ల పిల్లవాడికి ఆ తేడా తెలియకపోవడంలో తప్పులేదు. యాభై ఏళ్ల రచయితకి, అదీ అంబేడ్కర్ని చదువుకున్న రచయితకి తెలియకపోవడాన్ని ఏమనాలి? ఆకలి గురించి, అవమానం గురించి రాయడం మనకి బాగా అలవాటయింది. ఎగ్గొట్టిన కూలి లెక్క రాయడం అలవాటు కాలేదు.

ఆ పేజీ తిరగరాశాం. అమ్మ చెప్పిన అంకెలతో రాశాం. కథ అక్కడితో తెగలేదు. అప్పటికే ఒక పెద్ద సాహిత్యకారుడు ముందుమాట రాసిచ్చారు. అందులో ఆయన ప్రత్యేకంగా ఎత్తి రాసింది ఆ వాక్యాన్నే. మారిందని చెబితే నొచ్చుకున్నారు. అడుక్కోవడంలో ఉన్న ఆర్ద్రత బాకీ వసూల్లో లేదన్నారు, పేజీ పాతదే ఉంచమన్నారు. ఆయన మంచివారు. మా మీద అభిమానం ఉన్నవారు. అందుకే ఈ మాట రాయాల్సి వస్తోంది. అభిమానం ఉన్న అగ్రవర్ణ పాఠకుడికి కూడా మా అమ్మ చెయ్యి చాపితేనే కన్నీళ్లొస్తాయి, లెక్క అడిగితే రావు. చివరికి ఆయన ముందుమాటలో ఆ పేరా తీసేశారు. ముందుమాట సగమైంది. మాకు బాధలేదు.

మన పత్రికల్లో, సభల్లో ‘విమర్శకులు’ అని ఎవరిని పిలుస్తున్నామో చూడండి. మా పుస్తకానికి మొదటి విమర్శకురాలు అక్షరం రాని మనిషి. వస్తువులో తప్పు పట్టింది, దృక్పథంలో తప్పు పట్టింది, ఆధారం చూపించింది. విమర్శ అంటే ఇంకేముంటుంది? ఇట్లాంటి విమర్శ ప్రతి దళిత ఆత్మకథకీ ఇంట్లోనే దొరుకుతుంది. దాన్ని పుస్తకానికి ముందే వినకపోతే, పుస్తకం వచ్చాక అది కోపంగా వస్తుంది. అప్పుడు మనం దాన్ని ‘వాడ ఇంకా చైతన్యం కాలేదు’ అని వ్యాఖ్యానిస్తాం.

పేర్ల సంగతి ఇంకా విచిత్రం. రాతప్రతి తీసుకున్న నెలరోజులకి ప్రచురణకర్త ఒక వకీలు మిత్రుడికి చూపించారు. కామందు ఇంటిపేరు మార్చమని కబురొచ్చింది. కామందు పోయి చాలా ఏళ్లయింది. అయినా కొడుకులు ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు. పరువునష్టం గురించి చెప్పే పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో, చనిపోయినవాళ్ల మీద వేసిన నింద కూడా, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో వేస్తే నేరం కావచ్చని వివరణ ఉంది. 2024 జులై 1 నించి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అదే 356వ సెక్షన్‌గా వచ్చింది. నిజమే చెప్పి, అది చెప్పడం ప్రజాహితానికి అవసరమైతే నేరం కాదని అదే సెక్షన్‌లో మినహాయింపు కూడా ఉంది. ఆ మినహాయింపుని కోర్టులో నిరూపించుకునే ఓపిక వెయ్యి కాపీలు వేసే ప్రచురణకర్తకి ఎక్కడుంటుంది? ఆయన భయాన్ని మేం అర్థం చేసుకున్నాం.

అర్థం కానిది వేరే. అదే రాతప్రతిలో మా పల్లెవాళ్ల పేర్లు పాతికదాకా ఉన్నాయి. తాగి పడిపోయినవాడున్నాడు. మొగుడొదిలేసిన మనిషి ఉంది. దొంగతనం మోపితే స్తంభానికి కట్టించుకుని దెబ్బలు తిన్నవాడున్నాడు. అందరివీ అసలు పేర్లే. వాళ్ల పేర్ల గురించి వకీలు ఒక్క గీత గియ్యలేదు. వాళ్లు కేసు వెయ్యరు గనక! పరువు అనే మాట చట్టంలో అందరికీ ఉంది, అచ్చాఫీసు దాకా వచ్చేసరికి కొందరికే మిగిలింది. ఇదేదో ప్రచురణకర్తని నిందించడానికి చెబుతున్నది కాదు. ఆయన కన్నా ముందు ఆ పేర్లు రాసింది మేం. మాకూ తట్టలేదు. కామందు కొడుకులు చదువుతారేమో అని మేం ఎన్నిసార్లు ఆలోచించామో లెక్కలేదు. స్తంభానికి కట్టించుకున్న మనిషి మనవడు డిగ్రీ చదువుతున్నాడని, అతనూ ఈ పుస్తకం చదువుతాడని ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ మనవణ్ణే ముందు అడిగాం. రెండు రోజులు ఆలోచించుకుని ఫోన్ చేశాడు. ‘తాత పేరు ఉంచండి. కట్టినోళ్ల పేర్లు కూడా ఉంటేనే ఉంచండి’ అన్నాడు. ఆ షరతు ముందు వకీలు సలహా నిలబడలేదు. ఇప్పుడు ఆ అధ్యాయంలో కామందు ఇంటిపేరు లేదుగానీ, అతని పేరూ ఊరిపేరూ ఉన్నాయి. తాత పేరూ ఉంది. ప్రచురణకర్త ఒప్పుకున్నారు. ఇది రాజీయే. మేం దాన్ని విజయం అనడంలేదు.

అయితే అందర్నీ అడిగి రాయాలంటే ఆత్మకథే ఉండదు కదా అని ఒక కార్యకర్త మిత్రుడు వాదించాడు. బేబీ కాంబ్లే భర్తని అడిగి రాసేదా? బైసంత్రీ అడిగిందా? అమ్మల సిగ్గు కూడా కులం నేర్పిన సిగ్గే, దాన్ని మన్నిస్తే కులాన్ని మన్నించినట్టే అన్నాడు. అతని వాదనలో బలం ఉంది. మా జవాబు ఇదీ: అడగడం అంటే అందరికీ సమానంగా వీటో ఇవ్వడం కాదు. ఆ సంఘటనలో దెబ్బ ఎవరికి తగిలిందో వాళ్ల మాటకి విలువ. దెబ్బ కొట్టినవాడికి అడ్డుచెప్పే హక్కు లేదు, అతను కామందయినా, మావాడయినా.

ఇది రాసినంత తేలిగ్గా ఇంట్లో జరగలేదు. మా చిన్నాన్న తాగొచ్చి పిన్నిని కొట్టడం ఐదో అధ్యాయంలో ఉంది. చిన్నాన్న ఇప్పుడు మానేశాడు, చర్చిలో పెద్ద, మనవళ్లున్నారు. ఆ అధ్యాయం సంగతి తెలిసి కబురు పంపించాడు: తీసెయ్యకపోతే గడప తొక్కొద్దని. ఇదే చిన్నాన్న మమ్మల్ని హాస్టల్లో చేర్పించడానికి తన సైకిలు అమ్మిన మనిషి. అదీ పుస్తకంలో ఉంది. పిన్నిని విడిగా అడిగాం. ‘ఉండనీ’ అంది. కాసేపాగి, ‘సైకిలు సంగతి కూడా రాశావుగా, రెండూ ఉండనీ’ అంది.

అక్క విషయం ఇందుకు పూర్తిగా ఎదురు. ఆమె మీద ఒక అధ్యాయం మొత్తం ఉండేది. పుస్తకంలో బలమైన అధ్యాయం అదేనని మా నమ్మకం. వద్దంది. కారణం చెప్పలేదు, మేం అడగలేదు. తీసేశాం. అందులో ఏముందో ఇక్కడ కూడా చెప్పం. రేపు పుస్తకం వచ్చాక, ఇంట్లో ఆడవాళ్ల జీవితం గురించి రచయిత మౌనంగా ఉన్నాడని ఎవరైనా రాస్తే, ఆ విమర్శ న్యాయమే. ఆ మౌనం మాది కాదు, అక్కది. ఆమె సొంతం. శరణ్‌కుమార్ లింబాలే ‘అక్కర్‌మాషీ’ (1984)లో తల్లి బతుకుని, పాటిళ్ల చేతుల్లో ఆమె శరీరం ఏమైందో, దాచకుండా రాశాడు. అక్రమ సంతానం అని తన మీద వేసిన ముద్రనే పుస్తకానికి పేరు పెట్టి తిప్పికొట్టాడు. ఆ పుస్తకం మాకు ధైర్యం ఇచ్చిన పుస్తకాల్లో మొదటిది. ఈ మధ్య మళ్లీ చదివితే మాత్రం కొడుకు ప్రశ్నల కన్నా, తల్లి ఎక్కడెక్కడ మాట్లాడకుండా ఉందో ఆ చోట్లే ఎక్కువగా కనిపించాయి. వయసు వల్ల కావచ్చు, ప్రూఫుల వల్ల కావచ్చు.

ప్రూఫుల గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. అను ఫాంట్ నించి యూనికోడ్‌కి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవడం అందరికీ తెలిసిన గోలే. ఆ తప్పులు దిద్దుకోవచ్చు. ‘కూడు’ని ‘అన్నం’ చేస్తే ఏం చెయ్యాలి? ప్రూఫు దిద్దినాయన పుస్తకం పొడుగునా మార్చుకుంటూ పోయాడు. మా ఇంట్లో రోజూ తిన్నది కూడు. పండక్కి వండింది అన్నం. జొన్నకూడుకీ వరన్నానికీ మధ్య తేడా ఒక్క మాటలో ఉంది, ఆ మాట పోతే మా చిన్నతనమంతా రోజూ పండగే! అమ్మ ‘పదారు’ అంటే ‘పదహారు’ అయింది. బామ సంభాషణల్లోనే కాదు, కథనం మొత్తం వాడభాషలో నడిపింది. మేం ఆ సాహసం చెయ్యలేదు. కథనం పత్రికల భాషలో రాసి, మాటలు మాత్రం పల్లెవి ఉంచాం. ఆ ఉంచినవాటికీ కాపలా కాయాల్సొచ్చింది.

పుస్తకం చివర అరవై పైచిలుకు మాటలకి అర్థాలు వెయ్యాలన్నారు. లంద, ఆరె, తునకలు. అదే పుస్తకంలో ఉపనయనం ఉంది, మడి ఉంది, తద్దినం ఉంది. వాటికి అర్థాలు అక్కర్లేదట, అందరికీ తెలుసట. ఈ ‘అందరూ’ ఎవరు? తోలు ఊనే లంద అంటే తెలిసినవాడు ఆ అందరిలో లేడన్నమాట. అర్థాల పట్టిక వద్దన్నాం. లేదా మడికీ తద్దినానికీ కూడా వెయ్యమన్నాం. పట్టిక తీసేశారు.

తెలుగువాళ్ల జీవితాలే ఇంగ్లీషులో ముందు వచ్చిన సందర్భాలున్నాయి. వై.బి. సత్యనారాయణ ‘మై ఫాదర్ బాలయ్య’ 2011లో వచ్చింది. తెలంగాణ పల్లె నించి రైల్వేలోకి వెళ్లిన కుటుంబం కథ అది. తెలుగులోకి తరవాత వచ్చింది. సుజాత గిడ్ల ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ 2017లో అమెరికాలో వచ్చింది. ఇంగ్లీషులో రాయడం తప్పని మేం అనం. ఆ దారికి దాని చరిత్ర ఉంది. కానీ అచ్చుకి ముందు ఇంగ్లీషు పుస్తకం చదివేవాళ్లు ఎవరు, పల్లెకి ఎంత దూరం అన్న ప్రశ్న ఉంటుంది. గిడ్ల విషయంలో ఒకటి చెప్పాలి. ఆమె తల్లితో, మేనమామ కె.జి. సత్యమూర్తితో కూర్చుని, ప్రశ్నలడిగి, టేపుల్లో రికార్డు చేసుకుని రాసింది. తన జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా వాళ్ల నోట విని రాసింది. మేం రాశాక వినిపించాం. ఆమె విన్నాక రాసింది. ఆమె పద్ధతే నయమని ఇప్పుడనిపిస్తోంది. అట్లా చేసుంటే ఆ రెండు బస్తాల సంగతి నలభై ఏళ్లు ఆగేది కాదు.

ముఖచిత్రం ఇంకా తేలలేదు. చెయ్యి చాపిన ముసలామె బొమ్మ ఒకటి పంపారు, తిప్పి పంపాం. చిన్నాన్న ఇంకా మాట్లాడటంలేదు. ఐదో అధ్యాయం ఆయనకి మేమే స్వయంగా చదివి వినిపించాలని పిన్ని పట్టుబట్టింది. తను కూడా పక్కన కూర్చుంటానంది. వచ్చే ఆదివారం ఊరు పోతున్నాం. ప్రెస్సువాళ్లకి నెలాఖరు అని చెప్పాం.